కంపైలరు చిట్టాలో తప్పు పద్దు

(మన సంఘపు ఆదివార సభలో యువజనుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



యువకులకు పనికివచ్చు విషయ మేదైన నొకటి చెప్పుమని సంఘమువారు నన్ను కోరినారు. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి కొట్టులో గల్లాపెట్టెకడ కూర్చున్నవాడను. కావున సరకుల ధరలను గూర్చియో, పన్నులను గూర్చియో మాటలాడుదునని మీరు తలచియుందురు. నేడు నేను చెప్పదలచినది కంపైలరను దుబాసిని గూర్చియు, ఆ దుబాసి వ్రాసిపెట్టు ఒక చిట్టాను గూర్చియు. ఆ చిట్టాలోని ఒక తప్పు పద్దువలన నేను ఒక నిరపరాధిని నలుగురిలో అవమానించితిని. ఆ కారణముననే ఈ విషయము నాకు తెలిసివచ్చినది.

మా బట్టల కొట్టులో బిల్లులు వేయుటకు ఒక ప్రోగ్రామున్నది. దానిని వ్రాసినది మనవారి పిల్లవాడే, తెలివిగలవాడు. టోకు బేరగాండ్రకు నూటికి 5 రూపాయల తగ్గింపు ఇచ్చు ఏర్పాటును అందులో క్రొత్తగా చేర్చినాడు. వారము తిరుగకమునుపే టోకు బిల్లులలో సొమ్ము తక్కువగా పడుచున్నట్లు మాపటి లెక్కలలో నేను కనుగొంటిని. 40 రూపాయల చొప్పున 25 తువ్వాళ్ల వెల 1000 రూపాయలు. తగ్గింపు 50 పోగా 950 రావలెను. బిల్లులో 902 రూపాయల 50 పైసలు పడినది.

పిల్లవాడు వచ్చి డీబగ్గరను పరికరమును పెట్టినాడు. నడుచుచున్న ప్రోగ్రామును నడుమ నాపి, లోపల ఏ పేరు క్రింద ఏ విలువ యున్నదో చూపునది డీబగ్గరు. బయట బల్లకడ గుమాస్తాగారు బిల్లు వేయుచుండగా, లోపలి గదిలో మేమిద్దరము తెరను చూచుచుంటిమి. తగ్గింపును తీసివేసిన మరుక్షణమున ప్రోగ్రామును ఆపి 'ధర' యెంతయని అడుగగా, 'ఆప్టిమైజేషనులో పోయినది' అని డీబగ్గరు బదులు చెప్పెను. 'మొత్తము' ఎంతయని అడుగగా 950 అని చూపెను. 1000 ఉండవలసిన చోట 950! దానిని 25తో భాగించితిమి, 38 వచ్చెను. 38 చొప్పున 950, అందు నూటికి 5 పోగా 902 రూపాయల 50 పైసలు. బిల్లుతో అణాపైసలు సరిపోయెను. గుమాస్తాగారు 40కి బదులు 38 నొక్కుచున్నారని నిశ్చయించితిమి. మా ప్రోగ్రాములో బిల్లు వేయువారు ధరను మార్చుటకు వీలున్నది.

ఆయన ఇరువది యేండ్లుగా మా కొట్టున నున్నవారు, నాకంటె పెద్దవారు. "తువ్వాలుకు రెండు రూపాయల చొప్పున ఎవరికి వదలుచున్నా" రని బేరగాండ్రు నలుగు రుండగా గద్దించితిని. "నేను 40 నొక్కితిని బాబూ" అని మాత్రము ఆయన అనెను. యంత్రము చెప్పినదానిని త్రోసివేసి ఆయన మాట నేనేల విందును?

మరునాడు తెల్లవారి, కొట్టు తెరువకమునుపు, నేనే బల్లకడ కూర్చుండి 40 నొక్కితిని. లోపలినుండి పిల్లవాడు '950' అని కేకవేసెను. నా చేయి చల్లబడెను.

ఆప్టిమైజేషను లేకుండ ప్రోగ్రామును తిరిగి కూర్చి నడిపింపగా 'మొత్తము' 1000 అనియే కనబడెను. అసలు దోషము వేరొకచోట బయటపడెను. బిల్లు అచ్చువేయు భాగము తగ్గింపును రెండవమారు తీసివేయుచుండెను. అది పిల్లవాని పొరపాటు. ఒక్క వరుసను దిద్దగా పోయెను. గుమాస్తాగారిపై నేరము మోపినది మాత్రము ఆ పొరపాటు కాదు. కంపైలరు వ్రాసిన చిట్టాలోని తప్పు పద్దు.

ఇపుడు ఆ చిట్టా యనగా నేమో చెప్పెదను. సి మొదలగు భాషలలో మనుష్యుడు వ్రాసినదానిని యంత్రమునకు తెలియు ఆజ్ఞలుగా మార్చు దుబాసియే కంపైలరు. ప్రోగ్రాములో ఒక్కొక్క పనిభాగము తన వాడుకకై కొన్ని పేర్లను పెట్టుకొనును. వీనిని లోకల్ వేరియబుల్సు అందురు. స్థానిక చలరాసు లనవచ్చును. మా బిల్లులోని ధర, సంఖ్య, మొత్తము, తగ్గింపు ఇట్టివే. పని మొదలగునపుడు పుట్టి, పని ముగియగనే పోవునవి. యంత్రమున కీ పేర్లతో పనిలేదు. దానికున్నవి రిజిస్టర్లను కొద్దిపాటి అరలును, మెమరీలోని గదులును మాత్రమే. సామాన్యముగా మన బల్లలమీద నుండు ఇంటెల్ జాతి 64 బిట్ల యంత్రములలో సాధారణ రిజిస్టర్లు 16; చేతిఫోనులలోని 64 బిట్ల ఆర్మ్ యంత్రములలో 31. ఇంత తక్కువ అరలలో అన్ని లెక్కలును సాగవలెను.

మనుష్యుడు పెట్టిన పేరు యంత్రములోని ఏ అరలో నున్నదో తెలుపుటకై కంపైలరు వేరుగా ఒక చిట్టా వ్రాసిపెట్టును. దానినే డీబగ్ సమాచార మందురు. లైనక్సు మొదలగు పెక్కు వ్యవస్థలలో ఈ చిట్టా వ్రాయు పద్ధతికి డ్వార్ఫ్ అని పేరు, అనగా మరుగుజ్జు. ఇది బెల్ ప్రయోగశాలలలో యూనిక్సు వ్యవస్థకొరకు పుట్టినది. ప్రోగ్రాము దస్త్రముల పద్ధతికి ఎల్ఫ్ అని పేరుండుటచేత, పాశ్చాత్యుల కథలలో దానికి జతయైన మరుగుజ్జు పేరు దీనికి పెట్టిరి. దీని రెండవ కూర్పు 1993లోను, మూడవది 2005లోను, నాలుగవది 2010లోను, అయిదవది 2017లోను వెలువడినవి. పేరు మరుగుజ్జే గాని, ఇది వ్రాయు చిట్టా పెక్కుమారులు అసలు ప్రోగ్రాముకంటె పెద్దదిగా నుండును.

చిట్టాలో పద్దు ఎట్లుండును? 'ఈ ఆజ్ఞ మొదలు ఆ ఆజ్ఞవరకు మొత్తము మూడవ రిజిస్టరులో నున్నది. అటుపిమ్మట మెమరీలోని ఫలాని గదిలో నున్నది' అని యుండును. గోదాములో ఏ మూట ఏ తేదీ మొదలు ఏ తేదీవరకు ఏ అరలో నున్నదో వ్రాసికొనుటవంటిదే ఇది.

ఆప్టిమైజేషను లేనపుడు ఈ పద్దులు సులభము. ప్రతి పేరునకు మెమరీలో ఒక గది; ఆ గదిని విడిచి అది కదలదు. ఆప్టిమైజేషను అనగా పని తగ్గించి వేగము పెంచు సవరణ. అందు కంపైలరు అనవసరమైన లెక్కలను తీసివేయును, ఆజ్ఞల వరుస మార్చును, ఒక అరలోని సరకు తీరగనే వేరొక సరకును అందు పెట్టును. గోదాములో మూటలను ఇట్లు గంటగంటకు మార్చుచు, చిట్టాలో పద్దు వ్రాయుట మరచితిమేని, అర తెరచినవానికి ఒక సరకు పేరుతో వేరొక సరకు దొరకును.

మా బిల్లులో జరిగిన దిదియే. ధర 40 ఒక అరలో వచ్చెను. దానిని 25తో గుణింపగా అదే అరలో 1000 నిలిచెను. ధర పోయెను, దాని పద్దును కంపైలరు అక్కడికి సరిగా ముగించెను. అందుచేతనే డీబగ్గరు ధర పోయినదని నిజము చెప్పగలిగెను. పిమ్మట తగ్గింపు 50 వేరొక అరలో లెక్కింపబడి, మొదటి అరలోని 1000 నుండి తీసివేయబడెను. ఇపుడు ఆ అరలో నున్నది 950, అనగా నికరము. మొత్తము పద్దు ఆ క్షణమున ముగియవలసియుండగా, పనిభాగము తుదివరకు సాగి యుండెను. డీబగ్గరు ఆ పద్దును నమ్మి, నికరమును మొత్తమని చూపెను. అర నిజము, అంకె నిజము. పేరు మాత్రము అబద్ధము.

ఇట్టి చోట కంపైలరు చెప్పదగిన నిజమైన సమాధానములు మూడు గలవు. విలువ వేరొకచోట నిలిచియున్నయెడల ఆ చోటు చెప్పుట మొదటిది. విలువ పోయినను ఉన్నవానినుండి రాబట్టగలిగినయెడల ఆ లెక్క చెప్పుట రెండవది: నికరము 950, తగ్గింపు 50 ఇంకను అరలలో నున్నవి గదా, రెంటిని కూడిన మొత్తము 1000 వచ్చును. ఈ రెండును కానిచో 'పోయినది' అని చెప్పుట మూడవది. మొదటి రెండింటికి వీలుండగా మూడవది చెప్పుట కంపైలరు లోపమే. అదియు దిద్దదగిన దోషమే. అయినను పోయినదను సమాధానముతో ఎవరికిని కీడు కలుగదు. పనివాడు మరియొక మార్గమున వెదకికొనును. తప్పు విలువ చూపుట మాత్రము వెదకువానిని తప్పుదారిని నడిపించును. మొన్న మేము ధరను అడిగి పోయినదని విన్నపుడు విసుగుకొంటిమి, మొత్తమును అడిగి 950 అని విన్నపుడు సంతోషించితిమి. మా విసుగును సంతోషమును రెండును తలక్రిందులు.

ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు జాన్ హెనెస్సీ 1982లోనే ఆప్టిమైజు చేసిన ప్రోగ్రాములను డీబగ్ చేయుటను గూర్చి వ్రాసెను. డీబగ్గరు చూపు విలువ, ప్రోగ్రాము వ్రాసినవాడు ఆ చోట ఎదురుచూచు విలువ కాకపోవచ్చునని ఆయన విభజించి చూపినాడు. అటుతరువాత జి.సి.సి. యను ప్రసిద్ధ కంపైలరులో 2010లో వెలువడిన 4.5 కూర్పునందు స్థానిక చలరాసుల జాడలను ఆప్టిమైజేషను పొడవునను వెంబడించు క్రొత్త పద్ధతి ప్రవేశపెట్టబడెను. ఎల్.ఎల్.వి.ఎం. అను మరియొక కంపైలరు కుటుంబము 2000లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ఆరంభమైనది. నేను చెప్పిన రెండవ సమాధానమువలె, ఒకటికంటె ఎక్కువ విలువలను కలిపి పోయిన విలువను రాబట్టు పద్దులను వ్రాయు శక్తి దానికి 2021లో వెలువడిన 13వ కూర్పుతో వచ్చినది.

చిట్టా నిజము చెప్పవలె నన్నది మొదటి ధర్మము. రెండవ ధర్మ మొకటి గలదు: చిట్టా వ్రాయుటవలన వ్యాపారము మారరాదు. గుమాస్తా లెక్క వ్రాసినను వ్రాయకున్నను గోదాములోని సరకు ఒక్కటే కావలెను గదా. అట్లే డీబగ్ సమాచారము అడిగినను అడుగకున్నను కంపైలరు వెలువరించు యంత్రపుటాజ్ఞలు ఒక్కటే కావలెను.

ఈ ధర్మము తప్పిన ఉదంతము 2014 జులైలో జరిగినది. లోకమున లెక్కకు మిక్కిలి యంత్రములను నడుపు లైనక్సు కెర్నెలునందు, పనిని ప్రాసెసర్ల మధ్య పంచు ఒక భాగమును జి.సి.సి. 4.9.0 కూర్పు తప్పుగా అనువదించినది. ఒక విలువను దాచుటకు చోటు కేటాయింపకమునుపే అచ్చట దాచు ఆజ్ఞను ముందు పెట్టినది. గోదాము అద్దెకు కుదురకమునుపే అందు మూటలు దింపినట్లు! ఆజ్ఞల వరుస నిర్ణయించు భాగము, చిట్టాకొరకు పెట్టిన గుర్తులను చూచి, అవి నిజమైన ఆజ్ఞలైనట్లు తన నిర్ణయమును మార్చుకొన్నది. లైనక్సు సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్సు, ఆ చలరాసుల వెంబడింపునే నిలిపివేయు ఒక మాటను కెర్నెలును కూర్చు సూచనలలో చేర్చవలసివచ్చెను. జి.సి.సి. వారు తమ దోషమును దిద్దిరి. కెర్నెలులోని ఆ నిషేధము పిమ్మట పాత కూర్పులకు మాత్రమే పరిమితము చేయబడెను. 2010లో సాక్ష్యమును బాగుచేయుటకు వచ్చిన పద్ధతియే 2014లో పనిని చెరచినదన్నమాట. కావుననే జి.సి.సి.లో చిట్టాతో ఒకమారును, చిట్టా లేక ఒకమారును కూర్చి రెంటిని సరిపోల్చు పరీక్ష యున్నది. ఎల్.ఎల్.వి.ఎం. వారు 2024లో వెలువడిన 19వ కూర్పునందు, చలరాసుల గుర్తులను ఆజ్ఞల వరుసలోనుండి తీసి ప్రక్కనుంచు ఏర్పాటు చేసిరి. సరకు పట్టీ వేరు, వ్యాఖ్య వేరు కావలెనని వారి యుద్దేశము.

ఇక ఈ దోషములను కనుగొని దిద్దుట యెట్లు? నేను విన్నంతలో దీనికి క్రమమైన మార్గ మున్నది.

మొట్టమొదట ఇద్దరు సాక్షులను పిలుతురు. ఒకే ప్రోగ్రామును ఆప్టిమైజేషను లేకుండ ఒకమారును, దానితో ఒకమారును కూర్చి, రెంటిని డీబగ్గరులో ప్రక్కప్రక్కన నడిపింతురు. ఒకటి 1000 అని, రెండవది పోయినదని చెప్పిన తగవులేదు. ఒకటి 1000 అని, రెండవది 950 అని చెప్పిన తగవున్నది. రోము, ఆమ్‌స్టర్‌డాము విద్వాంసులు 2021లో ప్రకటించిన పరిశోధన ఇట్టి సరిపోలికమీదనే ఆధారపడినది. యాదృచ్ఛికముగా పుట్టించిన ప్రోగ్రాములతో వారు ఎల్.ఎల్.వి.ఎం. పరికరములలో 23, జి.సి.సి. పరికరములలో 8, రస్టు భాషా పరికరములలో 3 దోషములను కనిపెట్టిరి. పరిశోధన ప్రకటింపబడునాటికి అందు 14 దిద్దబడియుండెను.

రెండవది, తప్పు ఎవరిదో తేల్చుట. చిట్టా సరిగనే యుండి డీబగ్గరు తప్పుగా చదివియుండవచ్చును. చిట్టాను ఉన్నదున్నట్లు విప్పి చూపు పరికరములు గలవు. పద్దులను వరుసగా చదివిన నిజము తెలియును.

మూడవది, ఉదాహరణమును చిన్నదిగా చేయుట. వేల వరుసల ప్రోగ్రామును కంపైలరు వారికి పంపిన వారేమి చేయగలరు? ఒక్కొక్క భాగము తీసివేయుచు, దోషము నిలుచునంతవరకు తగ్గించి, పది వరుసలకు తేవలెను. మా పిల్లవాడు మా బిల్లుల ప్రోగ్రామును గుణకారము, తీసివేత గల ఏడు వరుసలకు తెచ్చినాడు. దానికొక రాత్రి పట్టినది.

నాలుగవది, దోషము ఏనాడు చొచ్చినదో వెదకుట. కంపైలరులో జరిగిన 1000 మార్పులలో ఏ మార్పు తప్పు తెచ్చినదో తెలియవలెనన్న వేయి పరీక్ష లక్కరలేదు. నడిమి మార్పును పరీక్షించి, మంచిసగమును విడిచి చెడుసగమును పట్టుకొని, దానిని మరల సగము చేయుచు పోయిన, పది పరీక్షలలో తేలును. అట్లే కంపైలరు చేయు సవరణలలో ఏ సవరణకడ పద్దు చెడినదో కనుగొనుటకును సగము సగముగా ఆపి చూచు వీలున్నది.

అయిదవది దిద్దుబాటు. ఇది తరచుగా కొద్ది వరుసలే యుండును. విలువ అరను విడిచినచోట పద్దును ముగించుటయో, రాబట్టు లెక్కను వ్రాయుటయో, విలువతోపాటు పద్దును క్రొత్తచోటికి మార్చుటయో. దిద్దిన పిమ్మట ఆ చిన్న ఉదాహరణమును పరీక్షల మూటలో శాశ్వతముగా చేర్తురు. అటుపిమ్మట మరియెవరైన ఆ తప్పు మరల చేసిన ఆ పరీక్ష వెంటనే పట్టియిచ్చును. మా పిల్లవాడు తన ఏడు వరుసలను కంపైలరువారికి పంపబోవుచు, ముందుగా క్రొత్త కూర్పుతో పరీక్షించి చూచెను. ఎవరో పుణ్యాత్ములు అంతకుమునుపే ఆ దోషమును దిద్దియుండిరి. 'మొత్తము' ఎంతయని అడుగగా, 'పోయినది' అని డీబగ్గరు చెప్పెను. అంకె ఏదియు చెప్పని ఆ సమాధానమును విని నేనెంత సంతోషించితినో మీకు చెప్పజాలను.

సోదరులారా! మన కుటుంబములు తరతరములుగా కన్నడ సీమలోను తమిళ సీమలోను స్థిరపడినవి. బడి పుస్తకములలో మన ఇంటిపేర్లు కొన్ని ఒక్క అక్షరమునకు కుదిరినవి, కొన్ని రాలిపోయినవి. రాలిపోయిన పేరును ఇంటిలోని పెద్దల నడిగి తెలిసికొనవచ్చును. తప్పుగా వ్రాయబడిన పేరు అట్లు కాదు. ఒక కాగితమును చూచి మరియొక కాగితము వ్రాయుదురు; అది ఆస్తిపత్రమువరకు పోయి, కొడుకును తండ్రికి కాకుండ చేయును. ఈ సభలో అట్టి చిక్కులు పడినవారు కొందరున్నారు. లేని పద్దునకును తప్పు పద్దునకును గల భేదము వారికి నేను చెప్పనక్కరలేదు.

కంప్యూటరు చదువులు చదువుచున్న మన పిల్లలకు నా విన్నపము. జి.సి.సి., ఎల్.ఎల్.వి.ఎం. రెంటి మూలగ్రంథమును అందరికి తెరచియున్నది. ఇంటిలో నొక సామాన్యమైన యంత్రమును, ఓర్పును ఉన్నవారు దోషమును చిన్నదిగా చేసి పంపవచ్చును; నేర్చినవారు దిద్దుబాటును పంపవచ్చును. దానికి ఎవరి సిఫారసును అక్కరలేదు. కంపైలరుల పని బెంగుళూరులోను హైదరాబాదులోను పెక్కు సంస్థలలో జరుగుచున్నది, హైదరాబాదు ఐ.ఐ.టి.లో దానిపై పరిశోధనయు సాగుచున్నది. అందరి కన్నులును క్రొత్తగా పుట్టు వింతలమీద నున్నవి. చిట్టాలోని పద్దులు దిద్దువారు కొద్దిమంది. వారు ఏ ఊరివారో ఎరుగను గాని, వారు దిద్దిన ఒక్క పద్దు మా కొట్టులో ఇక నొక గుమాస్తాను అవమానమునుండి కాపాడును.

ఆ గుమాస్తాగారి సంగతి మిగిలినది. ఆనాటి సాయంకాలము, ముందునాడు కొట్టులో నున్న బేరగాండ్రను మరల పిలిపించి, వారి యెదుటనే ఆయనను క్షమాపణ వేడుకొంటిని. ఆయన నా చేతులు పట్టుకొని, "ఇరువది యేండ్ల నా మాటకంటె ఆ తెరమీది అంకె మీకు పెద్దదైనదే బాబూ, అదే నాకు బాధ" అనెను. దానికి నాకు బదులు దొరకలేదు, ఇప్పటికిని దొరకలేదు. యంత్రము చూపిన అంకెను గూడ ఇంకొక సాక్షితో సరిచూచినగాని ఒకరిపై మాట అనరాదని మాత్రము ఆనాటినుండి నియమము పెట్టుకొంటిని.